సి సందేహాలు: స్ట్ర్‌కాపీ దగ్గర కంపైలర్ ఎందుకు అరుస్తుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరింటిని ఒకచోట చేర్చాను. ఆరూ స్ట్రింగ్ ఫంక్షన్ల వార్నింగుల గురించే. స్ట్రింగ్ అంటే చివర సున్నా బైటుతో ముగిసే అక్షరాల వరుస. స్ట్ర్‌కాపీ దాన్ని ఇంకోచోటికి కాపీ చేస్తుంది, అవతల చోటు సరిపోతుందా అని మాత్రం చూడదు. ఒకే సోర్సును విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడపాల్సినవాళ్లు రాసినవే ఎక్కువ. ఫంక్షన్ల పేర్లను మనం ల్యాబుల్లో, ఆఫీసుల్లో నోటితో ఎలా పలుకుతామో అలాగే రాస్తున్నాను.

ప్రశ్న: లినక్స్‌లో ఒక్క వార్నింగ్ లేకుండా కంపైల్ అయ్యే మా ప్రోగ్రామును విజువల్ స్టూడియోలో తెరిస్తే సి4996 అంటూ 140 వార్నింగులు వచ్చాయి. స్ట్ర్‌కాపీ ప్రమాదం కావచ్చు, స్ట్ర్‌కాపీ_ఎస్ వాడమంటోంది. మా టీమ్ లీడర్ _సీఆర్‌టీ_సెక్యూర్_నో_వార్నింగ్స్ డిఫైన్ చేసేసి ముందుకు వెళ్లమన్నారు. నా స్నేహితుడు అన్నింటికీ _ఎస్ తగిలించమన్నాడు. అలా చేస్తే లినక్స్‌లో లింక్ కావడం లేదు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, హన్మకొండ

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. ముందు ఆ వార్నింగ్ ఎక్కడిదో చూద్దాం.

సి4996 ఈ రూపంలో విజువల్ స్టూడియో 2005తో వచ్చింది. అప్పట్లో ఆ సందేశంలో స్ట్ర్‌కాపీని 'డిప్రికేటెడ్' అనేవారు. అంటే కాలం చెల్లింది, ఇక మానెయ్యండి అని. ఆ మాట మైక్రోసాఫ్ట్‌ది. సి ప్రామాణికం ఏనాడూ స్ట్ర్‌కాపీకి కాలం చెల్లిందని అనలేదు, సి23లోనూ అది నిక్షేపంగా ఉంది. _ఎస్ ఫంక్షన్ల ఆలోచన 2007లో ఒక సాంకేతిక నివేదికగా వచ్చి, 2011 ప్రామాణికంలో అనెక్స్ కే పేరుతో చేరింది. అయితే ఐచ్ఛికంగా చేరింది. ఇష్టమున్నవాళ్లు పెట్టుకోవచ్చు, లేకపోతే లేదు. లినక్స్‌లో మనమంతా వాడే సి లైబ్రరీ గ్లిబ్‌సీ దాన్ని పెట్టుకోలేదు. మీకు లింక్ కాకపోవడానికి కారణం అదే.

మరి మైక్రోసాఫ్ట్ దగ్గరున్నది అచ్చంగా అనెక్స్ కే అయినా అవునా అంటే, కాదు. స్ట్ర్‌టోక్_ఎస్ చూడండి. మైక్రోసాఫ్ట్‌లో దానికి మూడు ఆర్గ్యుమెంట్లు, ప్రామాణికంలో నాలుగు. పేరు ఒకటే, పిలిచే తీరు వేరు. 2015లో సి కమిటీ ముందుకు వచ్చిన ఒక పత్రం ఈ ఫంక్షన్లు వాడినవాళ్ల అనుభవాన్ని పరిశీలించి, వీటిని ప్రామాణికం నుంచి తీసేయాలని కూడా సూచించింది. పోర్టబుల్ కోడ్ రాసేవాళ్లు _ఎస్ మీద ఇల్లు కట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంకో సంగతి. స్ట్ర్‌కాపీ_ఎస్‌కు చోటు చాలకపోతే ఏమవుతుందో మీ స్నేహితుణ్ని అడగండి. మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో మీరు వేరే ఏర్పాటు చేసుకోకపోతే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. మెమరీ పాడవడం కంటే ఆగిపోవడమే మేలు, కాదనను. కానీ సర్వర్‌లో వందమంది పని జరుగుతుండగా ఒక్కరి పొడవాటి పేరుకు మొత్తం కూలిపోవడం మీకు సమ్మతమేనా? అది మీరు తీసుకోవాల్సిన నిర్ణయం. _ఎస్ తగిలించుకుంటూ పోతే ఆ నిర్ణయం మీకు తెలియకుండానే జరిగిపోతుంది.

వార్నింగులు పోగొట్టాలన్న తొందరలో జరిగే పొరపాటు ఒకటి నేను చాలాచోట్ల చూశాను. స్ట్ర్‌కాపీ_ఎస్ చోటు ఎంత అని అడుగుతుంది కదా. అక్కడ డెస్టినేషన్ సైజు ఇవ్వకుండా, సోర్స్ పొడవుకు ఒకటి కలిపి ఇచ్చేస్తారు. అతిథి ఎంత లావుంటే కుర్చీ అంత వెడల్పని చెప్పినట్టు. కంపైలర్ ఊరుకుంటుంది, తప్పు మాత్రం అంగుళం కూడా కదలదు. ఇంకొందరు సైజ్ఆఫ్ రాస్తారు గానీ, అది ఫంక్షన్‌లోకి పాయింటర్‌గా వచ్చిన అర్రే. 64 బిట్ల మెషీన్ మీద దాని సైజ్ఆఫ్ ఎప్పుడూ 8.

మీ టీమ్ లీడర్ చెప్పిన దారి గురించి నా అనుభవం చెప్తాను. 2007లో హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థలో బిల్లులు ముద్రించే ప్రోగ్రామ్ మీద పనిచేసేవాణ్ని. కొత్త విజువల్ స్టూడియోకు మారిన మొదటి సాయంత్రమే అరవైకి పైగా వార్నింగులు. ఆ డిఫైన్‌ను కామన్ హెడర్‌లో పెట్టింది నేనే. ఒక్క లైనుతో తెర శుభ్రమైంది. నాలుగు నెలల తర్వాత డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఒకరు బిల్లు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డారు. ఆవిడ పాత బకాయి 450 రూపాయలు. బిల్లులో 13,360 అని ఉంది. ఎవరి పేరనో కట్టమంటున్నారని ఆవిడ భయపడిపోయారు.

ఆ స్ట్రక్చర్‌లో పేరుకు 32 బైట్లు, చిరునామాకు 40, వెంటనే బకాయి పూర్ణాంకం. ఆవిడ ఉంటున్న అపార్ట్‌మెంట్ పేరు పొడవుది, చిరునామా 42 అక్షరాలైంది. బకాయి ముందే నింపి ఉంది, ఆ తర్వాత చిరునామాను స్ట్ర్‌కాపీ చేశాం. 40 దాటిన రెండు అక్షరాలు, చివరి సున్నా బైటు కలిసి బకాయి మీద పడ్డాయి. ఆ రెండు అక్షరాలు పిన్‌కోడ్ చివరి అంకెలు 0, 4. వాటి ఆస్కీ విలువలు 48, 52. ఇంటెల్ మెషీన్‌లో చిన్న బైటు ముందు ఉంటుంది కాబట్టి, 52ను 256తో గుణించి 48 కలపండి. 13,360. ఆ లెక్క కాగితం మీద వేసి సరిపోయిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. కంపైలర్ నాలుగు నెలల ముందే ఆ లైను నంబరు చూపించింది. నేనే దాని నోరు మూయించాను.

అందుకే నేను చెప్పేదిది. ప్రతి వార్నింగూ రెండు విషయాలు అడుగుతోందనుకోండి. అవతల చోటెంత? పట్టకపోతే ఏం చేద్దామనుకుంటున్నావు? ఈ రెండింటికీ కోడ్‌లో జవాబు కనబడితే, ఆ తర్వాత వార్నింగ్‌ను ఆపినా తప్పులేదు.

జవాబు రాయడానికి మీదైన చిన్న ఫంక్షన్ ఒకటి చాలు. టెక్స్ట్_కాపీ అనుకుందాం. ఎక్కడికి, అక్కడ ఎన్ని బైట్ల చోటు, దేన్ని అనే మూడింటిని తీసుకోవాలి. లోపల ముందు చోటు సున్నా అయితే ఏమీ ముట్టుకోకుండా 'కుదరలేదు' అని వెనక్కి రావాలి. తర్వాత స్ట్ర్‌లెన్‌తో సోర్స్ పొడవు కొలవాలి. ఆ పొడవు చోటుకు సమానమైనా ఎక్కువైనా డెస్టినేషన్ మొదటి బైటులో సున్నా పెట్టి మళ్లీ 'కుదరలేదు' అనాలి. సమానమైనా ఎందుకంటే, చివరి సున్నాకు ఒక బైటు కావాలి కదా. పట్టేట్టుంటే పొడవుకు ఒకటి కలిపి అన్ని బైట్లు మెమ్‌కాపీ చేసి 'అయింది' అనాలి. పది పన్నెండు లైన్లకు మించదు. ఇందులో వాడినవన్నీ 1989 ప్రామాణికం నాటివే, ఏ కంపైలర్ మీదైనా నడుస్తుంది. మెమ్‌కాపీ దగ్గర సి4996 మామూలుగా రాదు.

ఆ ఫంక్షన్ ఇచ్చే జవాబును పిలిచినవాళ్లు చూడకుండా వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో వార్న్_అన్‌యూజ్డ్_రిజల్ట్ అనే అట్రిబ్యూట్ ఉంది, సి23లో నోడిస్కార్డ్ ఉంది. ఒక మాక్రో వెనక పెట్టి ఫంక్షన్‌కు తగిలించండి. అప్పుడు మీకు పనికొచ్చే కొత్త వార్నింగులు వస్తాయి.

140 చోట్లనూ ఒక్కరోజులో మార్చనక్కరలేదు. వినియోగదారు టైపు చేసినవి, ఫైలు నుంచి చదివినవి, నెట్‌వర్క్ నుంచి వచ్చినవి ముందు. కోడ్‌లో రాసిపెట్టిన స్థిరమైన మాటలను కాపీ చేసే చోట్లు చివర. అన్నీ అయ్యాక ఆ డిఫైన్ పెట్టుకోండి. హెడర్‌లో వద్దు, బిల్డ్ ఫైలులో, విజువల్ సి భాగంలో మాత్రమే. మొదటి ఇన్‌క్లూడ్‌కు ముందే అది కంపైలర్‌కు తెలియాలి. ఫైలు మధ్యలో పెట్టి పనిచేయడం లేదని రాసేవాళ్లు ప్రతి నెలా ఉంటారు. ఎస్‌డీఎల్ చెక్స్ అనే విజువల్ స్టూడియో భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉన్న ప్రాజెక్టులో ఈ వార్నింగే ఎర్రర్‌గా మారుతుంది. మీ దగ్గర వార్నింగ్, పక్క సీటులో ఎర్రర్ వస్తుంటే ముందు అది చూడండి.

ప్రశ్న: స్ట్ర్‌కాపీ మంచిది కాదని అన్నిచోట్లా స్ట్ర్‌ఎన్‌కాపీ పెట్టాం. కొత్త జీసీసీ 'స్ట్రింగ్ఆప్ ట్రంకేషన్' అంటూ దాని మీద కూడా వార్నింగ్ ఇస్తోంది. ఇక ఏది వాడాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

స్ట్ర్‌ఎన్‌కాపీని 'జాగ్రత్తగల స్ట్ర్‌కాపీ' అనుకోవడం చాలా పాత అపోహ. దాని పుట్టుక వేరు. తొలినాటి యూనిక్స్‌లో డైరెక్టరీలో ఫైలు పేరుకు కచ్చితంగా 14 బైట్ల గడి ఉండేది. పేరు చిన్నదైతే మిగతా గడినంతా సున్నాలతో నింపాలి, సరిగ్గా 14 అయితే చివర సున్నా అక్కరలేదు. స్ట్ర్‌ఎన్‌కాపీ చేసే పని అచ్చంగా అదే. సోర్స్ పొడవు చోటుకు సమానమైనా మించినా చివర సున్నా పెట్టదు. పది అక్షరాల పేరును 4096 బైట్ల బఫర్‌లోకి పంపితే మిగిలిన 4086 బైట్లనూ సున్నాలతో నింపుతూ కూర్చుంటుంది. మనకు ఆ రెండూ అక్కరలేదు.

జీసీసీ 8 వెర్షన్ 2018లో వచ్చింది. మీరు చూస్తున్న వార్నింగ్ అప్పటి నుంచీ ఉంది. మీరిచ్చిన హద్దు డెస్టినేషన్ సైజుకు సమానంగా ఉంది, చివర సున్నా ఉండకపోవచ్చు అని చెబుతోంది. అది నిజం. మొదటి జవాబులోని టెక్స్ట్_కాపీకి మారండి.

నిజంగానే స్థిరమైన గడి నింపాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. టార్ ఫైలు హెడర్‌లో పేరుకు 100 బైట్లు, పేరు సరిగ్గా వంద అయితే చివర సున్నా ఉండదు. అక్కడ స్ట్ర్‌ఎన్‌కాపీయే సరైనది. అలాంటి ఫీల్డుకు నాన్‌స్ట్రింగ్ అనే అట్రిబ్యూట్ పెడితే, ఇది మామూలు స్ట్రింగ్ కాదని జీసీసీ అర్థం చేసుకుంటుంది. తర్వాత చదివేవాళ్లకూ అర్థమవుతుంది.

స్ట్ర్‌ఎన్‌క్యాట్ గురించి కూడా ఒక మాట. అందులో మూడో ఆర్గ్యుమెంట్ డెస్టినేషన్ సైజు కాదు, ఇంకా ఎన్ని అక్షరాలు చేర్చవచ్చో చెప్పేది. దాని పైన సున్నా కూడా పెడుతుంది. అక్కడ సైజ్ఆఫ్ రాస్తే జీసీసీ, క్లాంగ్ రెండూ వార్నింగ్ ఇస్తాయి. ఆ వార్నింగ్‌ను నేను కళ్లకద్దుకుంటాను.

రెండు మూడు ముక్కలు కలపాలంటే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ హాయి. 'ఫార్మాట్ ట్రంకేషన్' వార్నింగ్ వస్తే బఫర్‌ను ఊరికే పెంచకండి, అది తిరిగిచ్చే విలువను చూడండి. రుణసంఖ్య అయితే లోపం జరిగింది. బఫర్ సైజుకు సమానమైనా ఎక్కువైనా కొంత తెగిపోయింది. ఆ విలువను మీరు పరీక్షించే చోట జీసీసీ తన తొలి స్థాయిలో ఈ వార్నింగ్ ఇవ్వదు. మనిషి జవాబు చెప్పాడని కంపైలర్‌కు తెలిసే చోటు ఇదొకటి.

విండోస్‌లో అసలైన ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ విజువల్ స్టూడియో 2015లోనే వచ్చింది. అంతకు ముందు ఉన్నది ముందొక అండర్‌స్కోరున్న ఫంక్షన్. అది చోటు నిండితే చివర సున్నా పెట్టదు, తెగితే రుణసంఖ్య ఇస్తుంది. అప్పట్లో చాలామంది ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ అంటే ఆ అండర్‌స్కోర్ ఫంక్షన్ అని డిఫైన్ రాసుకున్నారు. పాత హెడర్లలో ఆ లైను ఉందేమో వెతికి తీసేయండి. 2015 నుంచి హెడర్లే ఆ డిఫైన్‌ను చూస్తే ఎర్రర్ ఇస్తాయి.

ప్రశ్న: విద్యార్థుల పేర్లు తెలుగులో నిల్వచేసే చిన్న ప్రోగ్రామ్ సిలో రాశాను. కొన్ని పేర్ల చివర పనికిరాని డబ్బా గుర్తు వస్తోంది. అక్షరమా కాదా అని చూసే ఇజ్‌ఆల్ఫా దగ్గర విజువల్ స్టూడియో డీబగ్ బిల్డ్ అసెర్షన్‌తో ఆగిపోతోంది. సిగ్విన్‌లో (విండోస్ మీద యూనిక్స్ తరహా వాతావరణం) 'అర్రే సబ్‌స్క్రిప్ట్ చార్ టైపులో ఉంది' అని వార్నింగ్. అన్నిటికీ సంబంధం ఉందా?
— ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

ఉంది మాస్టారూ. ఈ ఉత్తరం వచ్చినందుకు నాకు చాలా సంతోషమైంది. మన లిపితో పనిచేసినప్పుడే ఈ తప్పులు బయటపడతాయి. ఇంగ్లీషు పేర్లతో పదేళ్లు నడిచినా దొరకవు.

యూటీఎఫ్-8లో తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికీ మూడు బైట్లు. 'శ్రీనివాసరావు' తీసుకోండి. మన కంటికి ఆరు అక్షరాలు. కంప్యూటరుకు శ, పొల్లు, ర, దీర్ఘం, న, గుడి ఇలా లెక్కపెడితే 13 సంకేతాలు, అంటే 39 బైట్లు. మీ బఫర్ 32 అనుకుందాం. చివరి సున్నాకు ఒకటి పోగా 31. పది సంకేతాలకు 30 బైట్లు, 'శ్రీనివాసర' దాకా వచ్చింది. మిగిలిన ఒక్క బైటులో తర్వాతి దీర్ఘం తాలూకు మొదటి ముక్క కూర్చుంది. మీకు కనబడే డబ్బా ఆ ముక్కే.

బైట్ల మధ్యలో తెగకుండా చూడటం కష్టం కాదు. యూటీఎఫ్-8లో కొనసాగింపు బైటు పై రెండు బిట్లు ఎప్పుడూ 10 అని ఉంటాయి. తెగాల్సిన చోటు నుంచి, తర్వాతి బైటు అలాంటిదిగా ఉన్నంతవరకు వెనక్కి జరగాలి. అయితే మన లిపికి అది చాలదు. 'శ్రీ'ని రెండో సంకేతం తర్వాత కోస్తే 'శ్' మిగులుతుంది. బైట్లు శుభ్రంగా ఉన్నాయి, పేరు పాడైంది. పై పేరులోనే చూడండి, డబ్బా పోగొడితే 'శ్రీనివాసర' మిగులుతుంది. ఆ పిల్లవాడి పేరు అది కాదు. మార్కుల జాబితాలో, ధ్రువపత్రంలో అచ్చయ్యే పేరును కోయకూడదని నా మాట. పొడవు కొలిచి, దానికి ఒకటి కలిపి, మాలాక్‌తో కావలసినంత చోటు తీసుకోండి. అది కుదరకపోతే 'పేరు పట్టలేదు' అని చెప్పి ఆగిపోండి.

ఇక ఇజ్‌ఆల్ఫా. 'శ'లోని మూడు బైట్ల విలువలు 224, 176, 182. ఇంటెల్ మెషీన్ల మీద చార్ మామూలుగా గుర్తు ఉన్న (సైన్డ్) టైపు కాబట్టి అవి మైనస్ 32, మైనస్ 80, మైనస్ 74గా కనిపిస్తాయి. ఇజ్‌ఆల్ఫాకు ఇవ్వదగినవి అన్‌సైన్డ్ చార్‌లో పట్టే విలువలు, ఫైలు అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ మాత్రమే. లోపల చాలా లైబ్రరీలు ఒక పట్టికలోకి ఆ సంఖ్యతో వెళ్లి చూస్తాయి. మైనస్ 80 ఇస్తే పట్టిక మొదలుకు ముందున్న మెమరీని చదువుతాయి. విజువల్ స్టూడియో డీబగ్ బిల్డ్ దాన్ని పట్టుకుంటోంది. సిగ్విన్ హెడర్లు కంపైల్ దశలోనే వార్నింగ్ వచ్చేలా రాసినవి.

మందు ఒకటే. ఇచ్చే ముందు అన్‌సైన్డ్ చార్‌కు కాస్ట్ చేయండి. దయచేసి ఇంట్‌కు చేయకండి, అన్‌సైన్డ్ ఇంట్‌కు అసలే వద్దు. ఇంట్‌కు చేస్తే మైనస్ 80 మైనస్ 80గానే ఉంటుంది, అన్‌సైన్డ్ ఇంట్‌కు చేస్తే నాలుగు వందల కోట్లు దాటిన సంఖ్య అవుతుంది. రెండింటిలోనూ వార్నింగ్ మాత్రం పోతుంది. ఇలా 'సరిచేసిన' కోడ్ నా చేతికి రెండుసార్లు వచ్చింది. ఏఆర్ఎం మీద నడిచే లినక్స్‌లో చార్ గుర్తు లేనిది. మీ ప్రోగ్రామ్‌ను రాస్ప్‌బెర్రీ పై మీద పెడితే ఈ తప్పు మాయమైనట్టు కనిపిస్తుంది, నమ్మకండి.

కాస్ట్ సరిగా పెట్టినా, యూటీఎఫ్-8లోని ఒక్కో బైటును చూసి ఇది తెలుగక్షరమని ఇజ్‌ఆల్ఫా చెప్పలేదు. సంకేతాన్ని డీకోడ్ చేసి, యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఉన్న గడిలో ఉందో లేదో మీరే చూడండి.

ప్రశ్న: స్ట్రింగ్‌కు కొత్త మెమరీలో నకలు తీసే స్ట్ర్‌డప్ వాడిన ప్రోగ్రామ్ పాత 32 బిట్ల సిస్టమ్‌లో బాగా నడిచేది. 64 బిట్లలో సి99 ఆప్షన్‌తో కంపైల్ చేస్తే 'ఇంప్లిసిట్ డిక్లరేషన్' వార్నింగ్, నడిపితే క్రాష్.
— ఒక పాఠకుడు, గుంటూరు

జీసీసీలో కచ్చితమైన సి99 ఆప్షన్ ఇస్తే హెడర్లు పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రామాణికం) పేర్లను దాచేస్తాయి. స్ట్ర్‌డప్ అప్పటికి పోసిక్స్‌ది, సి ప్రామాణికంలోకి సి23తోనే వచ్చింది. డిక్లరేషన్ కనబడక, అది ఇంట్ తిరిగిస్తుందని కంపైలర్ అనుకుంది. 64 బిట్ల అడ్రసులో కింది 32 బిట్లే మిగిలాయి. 32 బిట్ల సిస్టమ్‌లో రెండు సైజులూ ఒకటే కనుక తప్పు దాగింది.

మొదటి ఇన్‌క్లూడ్‌కు ముందు _పోసిక్స్_సి_సోర్స్‌ను 200809ఎల్‌గా డిఫైన్ చేయండి, లేదా ఆప్షన్‌ను జీఎన్‌యూ99గా మార్చండి. స్ట్ర్‌డప్ ముందు చార్ పాయింటర్ కాస్ట్ పెట్టి వార్నింగ్ మాన్పిద్దామనుకోవద్దు, పోయిన సగం అడ్రసు తిరిగి రాదు. 2024లో వచ్చిన జీసీసీ 14 దీన్ని ఎర్రర్‌గానే చేసింది. ఎప్పుడో చేయాల్సిన పని అది.

విజువల్ సిలో స్ట్ర్‌డప్ మీద వచ్చే సి4996 వేరే రకం. అది పేరు గురించిన గొడవ, ముందు అండర్‌స్కోర్ పెట్టమంటుంది, అంతే. దానికి _సీఆర్‌టీ_నాన్‌ఎస్‌టీడీసీ_నో_వార్నింగ్స్ అని వేరే డిఫైన్ ఉంది. ఇందులో మెమరీకి ప్రమాదమేమీ లేదు కాబట్టి నిశ్చింతగా ఆపేయండి. ఒకే నంబరు కింద రెండు వేర్వేరు సంగతులు వస్తాయి కనుక, నంబరు చూసి వదిలేయకుండా సందేశం చివరిదాకా చదవండి.

ప్రశ్న: స్ట్ర్‌ఎల్‌కాపీ ఇప్పుడు అన్నిచోట్లా వచ్చేసిందట కదా. మీ సొంత ఫంక్షన్ ఎందుకు?
— ఒక పాఠకుడు, బెంగళూరు

1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2.4 వెర్షన్‌తో వచ్చిన ఫంక్షన్ అది. టాడ్ మిల్లర్, థియో డి రాట్ తయారుచేశారు. గ్లిబ్‌సీ చాలా ఏళ్లు ఒప్పుకోలేదు, 2023లో 2.38 వెర్షన్‌లో చేర్చింది. 2024 పోసిక్స్‌లోనూ చేరింది. మాక్‌లో ముందునుంచీ ఉంది. విండోస్‌లో లేదు. పాత గ్లిబ్‌సీ ఉన్న సర్వర్లు ఇంకా ఎన్నో నడుస్తున్నాయి. మీ ప్రోగ్రామ్ ఆ రెండింటికీ దూరమైతే తప్పకుండా వాడండి, మంచి ఫంక్షన్.

రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. అది పట్టకపోతే కోసేస్తుంది. తిరిగిచ్చిన పొడవు చోటుకు సమానమా, ఎక్కువా అని మీరు చూడకపోతే కోత ఎవరికీ తెలియదు. అనంతపురం మాస్టారి ఉత్తరం మళ్లీ చదవండి. రెండోది, ఆ పొడవు చెప్పడం కోసం సోర్స్‌ను చివరిదాకా చదువుతుంది. సోర్స్ చివర సున్నా లేకపోతే హద్దు దాటి చదువుకుంటూ పోతుంది. లినక్స్ కెర్నల్‌వాళ్లు దాన్ని వదిలి స్ట్ర్‌ఎస్‌కాపీ అనే తమ సొంత ఫంక్షన్‌కు మారారు. 2024లో 6.8 కెర్నల్ నుంచి పాతదాన్ని పూర్తిగా తీసేశారు. నేను చెప్పిన టెక్స్ట్_కాపీ కూడా స్ట్ర్‌లెన్ వాడుతుంది, దానికీ ఈ రెండో హద్దు ఉంది. నెట్‌వర్క్ నుంచి వచ్చిన ముడి బైట్లను ముందు మెమ్‌సీహెచ్‌ఆర్‌తో వెతికి, సున్నా ఉందని తేలాకే దానికి ఇవ్వండి.

సొంత ఫంక్షన్‌కు పేరు పెట్టేటప్పుడు ఎస్‌టీఆర్‌తో మొదలుపెట్టి వెంటనే చిన్నబడి అక్షరం రాయకండి. అలాంటి పేర్లను సి ప్రామాణికం తనకోసం అట్టిపెట్టుకుంది. రేపు లైబ్రరీలో అదే పేరుతో ఇంకోటి వస్తే మీది, దానిది ఢీకొంటాయి. గ్లిబ్‌సీ 2.38 వచ్చినప్పుడు సొంతంగా స్ట్ర్‌ఎల్‌కాపీ రాసుకున్న కొన్ని ప్రాజెక్టులకు డిక్లరేషన్ల తగువు వచ్చింది ఇందుకే.

ప్రశ్న: మా ల్యాబ్‌లో టర్బో సి మీద, కీబోర్డు నుంచి లైను చదివే గెట్స్ వాడి రాసిన ప్రోగ్రాములు ఇంట్లో ఉబుంటులో కంపైల్ చేస్తే 'గెట్స్ ప్రమాదకరం, వాడకూడదు' అని లింకర్ అంటోంది. పరీక్షలో గెట్స్ రాస్తే మార్కులు పడతాయి. మరి ఏది సరి?
— డిప్లొమా రెండో సంవత్సరం విద్యార్థిని, నల్గొండ

లింకర్ చెప్పింది సరి, తల్లీ. ఈ పేజీలోని అన్ని ఫంక్షన్లకూ ఏదో ఒక మంచి ఉపయోగం ఉంది, గెట్స్‌కు మాత్రం లేదు. చోటెంతో చెప్పడానికి దానికి ఆర్గ్యుమెంటే లేదు, కాబట్టి ఎంత జాగ్రత్తపడ్డా సరిగా వాడలేం. 1988 నవంబరు 2న మొదలైన, ఇంటర్నెట్‌లో పాకిన మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రామ్ వ్యాక్స్ మెషీన్లలోకి దూరిన దారుల్లో ఒకటి ఇదే. వినియోగదారుల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్ 512 బైట్ల బఫర్‌లోకి గెట్స్‌తో చదివేది, వర్మ్ అంతకంటే ఎక్కువ పంపింది. సి11 ప్రామాణికం గెట్స్‌ను పూర్తిగా తొలగించింది. టర్బో సి ఆ నిర్ణయానికి చాలా ముందుది కాబట్టి నీకు ఏమీ చెప్పదు.

ఎఫ్‌గెట్స్ వాడు. బఫర్, దాని సైజ్ఆఫ్, ఎస్‌టీడీఇన్ ఇవ్వాలి. ఎంటర్ నొక్కిన గుర్తు కూడా బఫర్‌లోకి వస్తుంది, దాన్ని తీసేయాలి. స్ట్ర్‌సీస్పాన్‌తో ఆ కొత్తలైను గుర్తు ఎన్నో స్థానంలో ఉందో కనుక్కుని అక్కడ సున్నా పెట్టు. గుర్తు లేకపోతే అది స్ట్రింగ్ పొడవునే ఇస్తుంది, అప్పుడు పాత సున్నా మీదే సున్నా పడుతుంది, నష్టం లేదు. కానీ గుర్తు లేకపోవడానికి అర్థం ఉంది. లైను బఫర్‌లో పట్టలేదు, మిగతాది ఇంకా అక్కడే ఉంది, లేదా ఫైలు అయిపోయింది. పట్టని లైనైతే తర్వాతి చదువుకు అడ్డం రాకుండా, కొత్తలైను వచ్చేదాకా గెట్‌చార్‌తో చదివి పారేసి, పొడవు ఎక్కువైందని వినియోగదారుకు చెప్పు.

ఎఫ్‌గెట్స్ టర్బో సిలో కూడా ఉంది. ల్యాబ్‌లోనూ ఇంట్లోనూ ఒకే ప్రోగ్రామ్ నడుస్తుంది, పరీక్షలో రాస్తే దిద్దేవాళ్లకూ తెలుస్తుంది. రెండు ఇన్‌పుట్‌లూ కాగితం మీద చూపించు: ఇరవై బైట్ల బఫర్‌కు పద్దెనిమిది అక్షరాల పేరు, ముప్ఫై అక్షరాల పేరు. రెండో దానికి నీ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో పక్కన రాయి.